వయొలిన్లన్నీ ఒక్కసారి వచ్చే చోటు

క్లచ్ మీద నుంచి కాలు తీయడేమిటి ఈ కుర్రాడు, బస్సెక్కినప్పటి నుంచి చూస్తున్నాడాయన, అలా ఊరికే ఆనించి ఉంచితే ప్లేటు అరిగి చేతికొస్తుందని ఎవరూ చెప్పలేదా, చెప్పే ఉంటారు, చెవికెక్కించుకోవాలి కదా, మనకెందుకులే, మన బండి కాదు, మన డ్యూటీ కాదు, అయినా డ్రైవర్ వెనక సీట్లో కూర్చోవద్దని ఇంట్లో ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతూనే ఉంటుంది, ఇంకెక్కడైనా కూర్చోండి మహానుభావా, అక్కడ మాత్రం వద్దు, బండి వాళ్ళు నడుపుతుంటే బ్రేకు మీరు వేస్తారు అని, అబద్ధమేం కాదు, రిటైరయ్యాక కూడా కుడికాలికి ఆ సంగతి తెలియలేదు, ఇప్పుడూ నేలని నొక్కుతూనే ఉంది, అదిగో సిగ్నల్ దగ్గర ఒక్క క్షణం ఆలస్యంగా వేశాడు, నిలబడ్డ ముసలాయన ముందుకు తూలి కడ్డీ దొరకబుచ్చుకున్నాడు, తను నడిపిన రోజుల్లో అయితే మూతలేని టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఎక్కినవాడు కూడా చుక్క ఒలకకుండా దిగేవాడు, గొప్ప కాదు, ఉన్నమాట, డిపోలో ఎవరినడిగినా చెబుతారు, సరే అది అలా ఉంచు, ఇవాళ వచ్చిన పనేమిటి, ఎస్ఎస్‌డి, మర్చిపోకూడదు, ఎస్సు, మళ్ళీ ఎస్సు, తర్వాత డీ, పొద్దున్నుంచీ నోట్లో నానబెట్టుకున్న మాట, అమ్మాయి గోడకి అవతల ఎవరో స్నేహితురాలితో ఫోన్‌లో అంటుంటే విన్నాడు, ఈ పాత హార్డ్ డిస్క్ ఇక లాగలేదే, సగంలో చతికిలపడుతోంది, ఎస్ఎస్‌డి పెట్టాలి, ఈ పని ఒడ్డెక్కాక చూస్తా అని, ఒడ్డెక్కాక ఏమిటి, ఒడ్డెక్కడానికే కదా బండి బాగుండాలి, బ్రేకులు తర్వాత చేయిద్దాం ముందు ఘాట్ దిగుదాం అన్నట్టు ఉంది, తండ్రిని అడగొచ్చు కదా, అడగదు, ఎందుకడుగుతుంది, తండ్రికి బండి తెలుసుగానీ కంప్యూటర్ ఏం తెలుసు అనుకుంటుంది, అదే ఇవాళ తేలిపోతుంది, వస్తువు ఏదైతేనేం, నాలుగు ప్రశ్నలు సరిగ్గా అడిగితే ఏదైనా కొనొచ్చు, తను ఉద్యోగంలో ఉండగా కొత్త బళ్ళు వచ్చినప్పుడు కంపెనీ వాళ్ళు సూటూ బూటూ వేసుకుని వచ్చి ఏవేవో చెబుతుంటే, డిపో మేనేజరే తన వైపు తిరిగి, ఏమంటావ్ డ్రైవర్ గారూ, నువ్వు ఊ అంటే నేనూ ఊ అంటాను అనేవాడు, అలాంటిది అరచేతిలో పట్టే ముక్కని కొనలేడా.

దిగాల్సిన చోటు వచ్చింది, దిగుతూ కుర్రాడి భుజం తట్టి, కాలు కొంచెం క్లచ్ మీద నుంచి తీస్తూ ఉండు నాయనా, మోకాలు కూడా బావుంటుంది అన్నాడు, వాడు అద్దంలో చూసి నవ్వాడు, మంచివాడే, కంప్యూటర్ సామాన్ల వీధి ఇదే, ఫుట్‌పాత్ మీద అట్టపెట్టెలు, థర్మోకోల్ ముక్కలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బోర్డులు, కొట్టు కొట్టుకీ గుమ్మంలో ఒకడు నిలబడి సార్ ల్యాప్‌టాపా సార్ ప్రింటరా అంటున్నాడు, పిలిచే కొట్లోకి వెళ్ళకూడదు, అది ఆయన మొదటి సూత్రం, పిలవని కొట్టు వీధి చివర ఒకటి కనిపించింది, తాళంచెవులు కోసే బండి పక్కన, ఇరుకుగా, లోపల నలభై దాటిన ఒకావిడ జడని ముడేసి అందులో పెన్ను గుచ్చుకుని, చేతిలో స్క్రూడ్రైవర్‌తో ఏదో విప్పిన పెట్టె మీదకి వంగి ఉంది, తలెత్తకుండానే ఒక్క నిమిషం బాబాయ్ అంది, ఆ ఒక్క నిమిషం అన్న తీరు నచ్చింది, చేతిలో పని వదిలి పరిగెత్తుకొచ్చేవాళ్ళని నమ్మడు, స్టూలు లాక్కుని కూర్చున్నాడు, అద్దాల బల్లకింద ఆకుపచ్చ పలకలు, వాటి మీద నల్ల చుక్కలు, విమానంలోంచి చూస్తే ఊరు ఇలాగే ఉంటుందేమో, తను విమానం ఎక్కలేదుగానీ ఊరు ఇలాగే ఉంటుంది, ఇదిగో ఇవి వీధులు, ఇవి చౌరస్తాలు, ఇక్కడ డిపో, చెప్పండి బాబాయ్ అంది ఆవిడ చేతులు తుడుచుకుంటూ, ఎస్ఎస్‌డి కావాలమ్మా అన్నాడు, ఎక్కడా తడబడకుండా, మంచిది కావాలి, పాటల కంప్యూటర్‌కి, పాటలు వినడానికా అని అడిగింది, వినడానికి కాదమ్మా, కట్టడానికి, మా అమ్మాయి పాటలు కడుతుంది.

అనేశాక ఆ మాట చెవిలో అలాగే ఉండిపోయింది, మా అమ్మాయి పాటలు కడుతుంది, ఇంతవరకు ఎవరితోనూ అలా అనలేదే, పార్కులో నడిచేవాళ్ళు అడిగితే ఏదో కంప్యూటర్ మీద చేస్తుందండీ అనేవాడు, చుట్టాలు అడిగితే ఇంట్లో ఆవిడ వైపు చూసేవాడు, ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం మానేస్తాను నాన్నా, సంగీతం చేసుకుంటాను అని అమ్మాయి వచ్చి నిలబడ్డ రోజున కూడా తను అన్నది ఒకే ఒక్క మాట, చూద్దాం, కోపంతో అనలేదు, ఒప్పుకోకా కాదు, ముందు రోడ్డు కనిపించనప్పుడు ఎవరైనా అదే అంటారు, ఆ అమ్మాయి చూద్దాం అంటే ఏమనుకుందో, మర్నాడే పాత పరుపులు చీల్చి గోడలకి బిగించుకుంది, తలుపు సందుల్లో స్పాంజి కుక్కింది, తలుపు మూసింది, అప్పటి నుంచీ ఇల్లు రెండు ముక్కలు, ఇటు ఇంట్లో ఆవిడ కుట్టుమిషన్ చప్పుడు, అటు ఏదో లోకం, తన కుర్చీ మాత్రం ఆ మధ్యగోడకి ఆనించే ఉంటుంది, అక్కడ గాలి బాగా వస్తుందని చెప్పి వేయించుకున్నాడు, గాలి లేదు పాడూ లేదు, పరుపుల్లోంచి కూడా వినిపిస్తుంది ఆ గోడలో, టికెట్ కొనకుండా బస్సెక్కి మూల సీట్లో నక్కి కూర్చున్నవాడిలా పేపరు అడ్డం పెట్టుకుని వింటాడు, ఇప్పుడు చేస్తున్నది నాట్యం చేసే బృందం కోసం, పొద్దున్నే మొదలవుతుంది, ముందు పియానో, వర్షం రాబోతుంటే రేకుల మీద మొదటి చినుకులు పడ్డట్టు, తర్వాత ఏదో లావుపాటి గొంతున్న వాయిద్యం, మధ్యాహ్నం నిద్రలేచిన మనిషి మాట్లాడినట్టు, తర్వాత డప్పు కాదుగానీ డప్పులాంటిదే, నడుస్తూ నడుస్తూ ఒక చోటికి వస్తుంది, అక్కడ వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేవాలి, లేవబోతాయి, టక్కున ఆగుతుంది, ఊపిరి అందనట్టు రెండు ముక్కలు టట్ టట్ మని, ఇక అంతే, తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, అమ్మాయి నిట్టూర్పు, మళ్ళీ మొదట్నుంచి, ఈ వారమంతా అదే, రేపు పొద్దున నాట్యం వాళ్ళు ఇంటికే వస్తారట, అక్కడే కూర్చుని ఇది పెంచు, అది తగ్గించు, ఇక్కడ రెండు అడుగులు ఎక్కువ కావాలి అంటారట, వాళ్ళ ముందు అది అక్కడే చతికిలపడితే, ఊహూ, పడదు, అందుకేగా తనిక్కడ కూర్చున్నది.

ఇవి చూడండి అంటూ కొట్టావిడ మూడు పెట్టెలు బల్ల మీద పెట్టింది, ఒకదాని మీద నిప్పులు కక్కుతున్న గుర్రం బొమ్మ, కింద వేలల్లో ఒక అంకె, ఇది అన్నిటికన్నా వేగం బాబాయ్, కుర్రాళ్ళంతా ఇదే అడుగుతున్నారు అంది, ఆయనకి లోపల నవ్వొచ్చింది, సూటూ బూటూ వాళ్ళు గుర్తొచ్చారు, వాళ్ళూ ఇలాగే, గంటకి ఇంత వెళుతుందండీ అనేవాళ్ళు, ఏ రోడ్డు మీద నాయనా, ఎవరెక్కితే, పెట్టె తిప్పి తిప్పి చూసి, ఇదిగో అమ్మా ఈ అంకె ఉంది చూడు, ఇది ఖాళీ బండి మీద చెప్పిన లెక్కా, జనం నిండాక చెప్పిన లెక్కా అని అడిగాడు, ఆవిడ ఒక్క క్షణం అలా చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది, మనస్ఫూర్తిగా నవ్వింది, కూర్చోండి, టీ తాగుతారా అంది, అక్కడి నుంచి అమ్మకం మాటలు పోయి అసలు మాటలు వచ్చాయి, ఖాళీగా ఉన్నప్పటి లెక్కే బాబాయ్, అదీ మొదటి కాసేపే, సగం నిండాక కొన్ని అలా ఉండవు, చవకవి మరీను, మొదట పరుగెడతాయి, పెద్ద ఫైలు ఎక్కిస్తుంటే మధ్యలో ఆయాసపడతాయి, పైగా మీ అమ్మాయి చేసే పనికి ఈ పరుగు అక్కర్లేదు, చూడండి, ఆ కంప్యూటర్‌లో వయొలిన్ ఉండదు కదా, ఎవరో ఎక్కడో వాయించి రికార్డు చేసిన ముక్కలు ఉంటాయి, స్వరానికో ముక్క, మెల్లగా వాయిస్తే ఒకటి, గట్టిగా వాయిస్తే ఒకటి, ఇలా వేలకి వేలు, మీ అమ్మాయి మెట్టు నొక్కగానే కంప్యూటర్ వెళ్ళి ఆ ముక్కని పట్టుకురావాలి, పాత డిస్కులో పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒకే ఒక్క ముల్లు, అదే అటూ ఇటూ పోయి వెతకాలి, ఒక వయొలిన్ అడిగితే తెచ్చిపెడుతుంది, అందరూ ఒక్కసారే అడిగితే, అంటూ ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది, ఆయన స్టూలు మీద ముందుకు జరిగాడు, ఆగు ఆగు తల్లీ, అంటే ఇది హైవే బస్సు కాదు, సిటీ బస్సు, ఎంత వేగం వెళ్ళగలదన్నది కాదు లెక్క, అడుగడుగునా స్టాపే, ఆగీ ఆగకముందే ఎక్కించుకుని మళ్ళీ లాగాలి, ఆ ఎత్తుకోవడంలో ఉంది అంతా, అంతేనా, అంతే బాబాయ్ అంది ఆవిడ, ఇన్నేళ్ళుగా ఈ మాట కుర్రాళ్ళకి చెప్పలేక చస్తున్నాను, రేపట్నుంచి ఇలాగే చెబుతా.

ఛాతీ కొంచెం ముందుకొచ్చింది, రాదా మరి, నిప్పుల గుర్రాన్ని వేలితో పక్కకి తోసేశాడు, చవకదాన్నీ తోసేశాడు, మధ్యది మిగిలింది, చిన్న పుల్లలాంటిది, చూయింగ్ గమ్ బిళ్ళంత, దీని మీద ఎన్ని వయొలిన్లు కూర్చుంటాయమ్మా అని అడిగితే ఆవిడ ఊరి జనమంతా అంది, సరే ఇచ్చెయ్ అన్నాడు, జేబులోకి చెయ్యి పోయింది, అయిపోయింది పని, ఎంతసేపు, ఇంటికెళ్ళి అమ్మాయి బల్ల మీద పెట్టి ఏమీ అనకుండా పేపరు చదువుకుంటూ కూర్చోవాలి, అది పరిగెత్తుకొచ్చి నాన్నా ఇది నీకెలా తెలుసు అంటే, ఏముందమ్మా, నాలుగు ప్రశ్నలు అడిగాను అనాలి, అంతవరకు మనసులో చక్కగా నడిచిపోయాక కొట్టావిడ అడిగింది, ఇంతకీ ఆ కంప్యూటర్‌లో ఇది పెట్టే స్లాట్ ఉందా బాబాయ్, ఏ బోర్డు, ఏ మోడలు, ఆయన చెయ్యి జేబులోనే ఆగింది, నల్లది అన్నాడు, ఏది నల్లది, పెట్టె, నిలువుగా ఉంటుంది, పక్కన చిన్న లైటు కూడా వెలుగుతుంది, ఆవిడ నవ్వకుండా పెదవులు బిగించుకుంది, అన్నీ నల్ల పెట్టెలే బాబాయ్, అన్నిటికీ లైటు వెలుగుతుంది, లోపల చోటుందో లేదో తెలియకుండా ఇస్తే మీరు మళ్ళీ రావాలి, ఇంట్లో ఎవరినైనా అడగండి, అడగడమే, సరే, దీనికేం పెద్ద ఇబ్బంది, ఇంట్లో ఆవిడ ఉంది కదా, ఆవిడ ఎంతెంత గజిబిజి మిషన్లు విప్పి నూనె పోయలేదు.

ఫోన్ తీయగానే అవతల కుట్టుమిషన్ ఆగింది, నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే అలవాటు ఆవిడకి, పళ్ళ మధ్య నుంచే ఏంటండీ అంది, ఎవరికీ వినపడకుండా అమ్మాయి గదిలోకి వెళ్ళి ఆ నల్లపెట్టె లోపల పుల్లలాంటిది పెట్టే చోటు ఉందేమో చూసి చెప్పు అన్నాడు గొంతు తగ్గించి, తగ్గించినా కొట్టావిడకి వినపడుతూనే ఉంది, ఏ పుల్ల, ఎక్కడున్నారు మీరు, పార్కుకని కదా వెళ్ళారు, అది గదిలో కూర్చుని పని చేసుకుంటుంటే నేనెళ్ళి పెట్టె విప్పి చూడాలా, మతి ఉండే మాట్లాడుతున్నారా, ఉండండి దాన్నే అడగండి, వద్దు వద్దోయ్ చెప్పకు అని ఆయన అంటూనే ఉన్నాడు, చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు, ఇదిగో మీ నాన్న, ఏదో పుల్ల అంటున్నారు, అంతే, ఫోన్ చేతులు మారిపోయింది, నాన్నా అంది అమ్మాయి, ఎక్కడున్నావు, చెకింగ్ ఇన్‌స్పెక్టర్ బస్సెక్కినప్పుడు టికెట్ లేనివాడి ముఖం ఎలా ఉంటుందో ఎన్నోసార్లు అద్దంలో చూశాడు, ఇప్పుడు తన ముఖం చూసుకోనక్కర్లేదు, తెలుస్తూనే ఉంది, ఎస్ఎస్‌డి కొందామని వచ్చానమ్మా అన్నాడు, నీ డిస్కు లాగట్లేదు కదా, లాగట్లేదని నీకెవరు చెప్పారు నాన్నా, ఎవరు చెప్పేదేమిటి, వినపడుతుందిగా, రోజూ అక్కడికొచ్చేసరికి ఆగిపోతోంది, ఎక్కడికొచ్చేసరికి అంది, గొంతు చిన్నదైపోయింది, ఎక్కడంటే, దాన్ని ఏమంటారో నాకు తెలియదు, ఇదిగో ఇక్కడ అని, ఇక వేరే దారి లేక, ఇరుకు కొట్లో స్టూలు మీద కూర్చుని, అద్దాల బల్ల మీద వేళ్ళతో చినుకులు వేస్తూ ఆయన పాడటం మొదలుపెట్టాడు, పాట అనకూడదు, కూనిరాగం, పియానో అయ్యాక ఆ లావుపాటి గొంతు, దానికోసం గడ్డం ఛాతీకి ఆనించాల్సి వచ్చింది, తర్వాత నడక, కొట్టావిడ స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది, తాళంచెవుల బండి అతను తొంగిచూశాడు, చూడనీ, మొదలుపెట్టాక మధ్యలో ఆపితే ఎలా, నడిచి నడిచి వయొలిన్లు లేవబోయే చోటికి వచ్చి టట్ టట్ అని ఆపాడు, ఇక్కడమ్మా అన్నాడు.

దొంగచాటుగా విన్నావా అంటుందేమో అనుకున్నాడు, అంటే అననీ, విన్న మాట నిజమే, నాన్నా, ఆ సెల్లో వచ్చే చోటు మళ్ళీ ఒకసారి అను అంది అమ్మాయి, సెల్లో అంటే ఏదమ్మా, ఆ నిద్రలేచిన మనిషిదా, నిద్రలేచిన మనిషి ఏంటి నాన్నా అని నవ్వింది, నవ్వులో ఏదో తడి ఉంది, అదే, దాన్నే సెల్లో అంటారు, మళ్ళీ అన్నాడు, నువ్వు శ్రుతి తప్పలేదు తెలుసా అంది, అవునా, ఏమో, తప్పకూడదని కూడా తెలియదు, గోడకి అవతల నువ్వు పడుకుని ఉంటావనుకున్నాను నాన్నా, నా గోల నీకు నచ్చదనుకుని ఆ పరుపులన్నీ కొట్టాను, అయ్యో, వాటివల్లే వయొలిన్లు సరిగ్గా వినపడక చచ్చాను అన్నాడాయన, ఉన్నమాట అన్నాడంతే, అటు అమ్మాయి మళ్ళీ నవ్వి, ఇంతకీ ఏది తీసుకున్నావు, ఎందుకు తీసుకున్నావు అని అడిగింది, హైవే బస్సూ సిటీ బస్సూ అంతా చెప్పాడు, ఖాళీ బండి లెక్క చెప్పాడు, అంతా విని, నువ్వు అనుకున్నదంతా నూటికి నూరుపాళ్ళు కరెక్టు నాన్నా, కానీ మన దాంట్లో పుల్ల పెట్టే చోటు ఒకటే ఉంది, అందులో ముందే ఒక చిన్నది ఉంది, అది కంప్యూటర్ నడవడానికే సరిపోతోంది, వైరు తగిలించే బిళ్ళ రకం కావాలి, దాని అంకె చిన్నదే, నా పనికి చాలు, పళ్ళెం ముల్లు బాధ దానికీ ఉండదు, ఉండు, ఏదీ కొనకు, నేనే వచ్చేస్తున్నా, స్కూటర్ తాళం ఎక్కడమ్మా అని అటు అరవడం వినిపించింది, ఫోన్ పెట్టేశాక కొట్టావిడ పుల్లని మళ్ళీ పెట్టెలో పెడుతూ, టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్పనా అంది, చెప్పమ్మా, రెండు చెప్పు, మా అమ్మాయి వస్తోంది.

అది వచ్చింది, జుట్టు సరిగ్గా దువ్వుకోకుండా, హెల్మెట్ చేతికి తగిలించుకుని, వచ్చీరాగానే ఆయన వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది, తనూ అద్దాల బల్ల వైపే చూశాడు, కొత్తగా పరిచయమైనవాళ్ళలా ఉంది, బావుంది, తర్వాత అమ్మాయీ కొట్టావిడా మాట్లాడుకున్నారు, ఆ భాషలో మూడొంతులు ఆయనకి ఎక్కలేదు, ఎక్కకపోయినా ఆ మాట్లాడే తీరు చూస్తూ కూర్చున్నాడు, తెలిసినదాన్ని తెలిసినట్టు చెబుతోంది, తెలియనిదాన్ని తెలియదంటోంది, బేరం ఆడాల్సిన చోట నవ్వుతూ ఆడుతోంది, ఈ పిల్లకా తను చూద్దాం అన్నది, చూడనే లేదు ఇంతవరకు, సైజు దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది, చిన్నది చాలు నాన్నా ఇప్పటికి అంది, కాదు పెద్దది తీసుకో, సీట్లు చాలిన బస్సు నేనెప్పుడూ చూడలేదు, రేపు ఇంకో నాలుగు వాయిద్యాలు వస్తాయి, వాటిని ఫుట్‌బోర్డు మీద నిలబెడతావా అన్నాడు, బాబాయ్ మాట విను అంది కొట్టావిడ, పెద్దదే తీసుకున్నారు, డబ్బు నేనిస్తానంటే నేనిస్తానని కాసేపు లాక్కుని ఆయనే ఇచ్చాడు, స్కూటర్ వెనక కూర్చుని ఆ చిన్న పెట్టెని గుడ్డుని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు, దారిలో సిగ్నల్ దగ్గర అమ్మాయి తల కొంచెం వెనక్కి తిప్పి, రోజూ వింటావా నాన్నా అని అడిగింది, రోజూ అన్నాడు, నచ్చకపోయినా వింటావా, నచ్చని రోజు పేపరు చదువుతాను, అయితే ఎన్ని రోజులు చదివావు, ఆలోచించాడు, ఆ డప్పులాంటిది మరీ ఎక్కువ కొట్టిన వారం చదివాను అన్నాడు, ఆ వారం నాకూ నచ్చలేదు అంది అమ్మాయి, పచ్చలైటు పడింది.

గది ఇంత చిన్నదని అనుకోలేదు, గోడకి అవతల నుంచి వింటుంటే పెద్ద హాల్లా ఉండేది, చూస్తే ఒక బల్ల, దాని మీద మెట్లు, రెండు స్పీకర్లు, కుట్టుమిషన్ గదిలో ఎప్పుడో మాయమైన దిండు కుర్చీలో, చీల్చిన పరుపుల మీద పాత దుప్పటి పువ్వులు అలాగే ఉన్నాయి, టార్చ్ ఇటు పట్టు నాన్నా అంది నేల మీద బాసింపట్టు వేసుకుని, పట్టాడు, నల్లపెట్టె మూత తీస్తే దుమ్ము, ఊదబోతే ఊదకు తడి పడుతుంది అంది, మరలు తీసి ఆయన అరచేతిలో వేసింది, చిన్నప్పుడు దీని అరచేతిలో తను చిల్లర వేసేవాడు, ఇప్పుడు దీని మరలు తన చేతిలో, ఒకటి కూడా పోనివ్వలేదు, బిళ్ళ పెట్టింది, వైరు క్లిక్కుమంది, ఆ క్లిక్కు ఆయనకి తెలిసిన క్లిక్కే, సరిగ్గా కూర్చున్న వస్తువు ఏదైనా అలాగే అంటుంది, ఇక కాపీ, పాత డిస్కులో ఉన్న జనమంతా సామాన్లతో సహా కొత్తదానికి మారాలి, మారుతూనే ఉన్నారు, పాతది గరగరమంటూ మోస్తోంది, ఆవిడ మెడలో టేపుతో గుమ్మంలో నిలబడి, తండ్రీకూతుళ్ళు ఏదో ప్రసవం చేస్తున్నట్టున్నారు, అన్నం తింటారా తినరా అంది, తిన్నారు, వచ్చారు, ఇంకా మారుతూనే ఉన్నారు, అన్నీ సర్దుకునేసరికి కిటికీలో ఎండ పచ్చబడింది, అమ్మాయి కుర్చీలో కూర్చుంది, ఆయన లేచి తన కుర్చీ వైపు, గోడకి అవతలికి వెళ్ళబోతే, ఎక్కడికి, ఇక్కడే కూర్చో అని మంచం మీద చోటు చూపించింది, నాకూ భయంగానే ఉంది నాన్నా, ఈ చివర భాగం అంతా ముక్కలు ముక్కలుగా హెడ్‌ఫోన్ పెట్టుకుని చేశాను, మొదట్నుంచి చివరిదాకా ఒక్క ఊపున నేనూ ఎప్పుడూ వినలేదు అంది, ఆగదు, నేను పూచీ అన్నాడాయన.

చినుకులు మొదలయ్యాయి, పరుపులు లేవు మధ్యలో, ఒక్కో చినుకూ ముఖం మీదే పడుతోంది, సెల్లో నిద్రలేచింది, ఇంత దగ్గరగా వింటే అది నిద్రలేచిన మనిషి కాదు, నిద్రపోనివాడు, సరే అదీ బావుంది, నడక వచ్చింది, వస్తోంది వస్తోంది, ఆయన వేళ్ళు మంచం అంచుని పట్టుకున్నాయి, అమ్మాయి వీపు బిగుసుకుంది, గుమ్మంలో ఆవిడ కూడా కదలడం లేదు, ఇక్కడే, ఇక్కడే, వయొలిన్లు లేచాయి, అన్నీ, ఒక్కసారిగా, టట్ లేదు ఏమీ లేదు, గది నిండిపోయింది, ఊపిరి వదిలాడు, అదీ, చెప్పానా, ఇక తర్వాతది తనకి తెలిసిందే, గోడ పక్కన కూర్చుని ఈ వారమంతా ఆగిన చోటు నుంచి మనసులో పూర్తి చేసుకుంటూనే ఉన్నాడు, వయొలిన్లు ఇంకా పైకి వెళతాయి, ఇంకా పైకి, డప్పు కలుస్తుంది, కొండెక్కినట్టు ఎక్కి ఎక్కి చివర్న పెద్ద మోతతో ముగుస్తుంది, అంతకన్నా ఇంకెలా ఉంటుంది అనుకున్నాడు, కానీ పైకి వెళ్ళలేదు, ఒకటొకటిగా తప్పుకున్నాయి, జనం దిగిపోతున్నట్టు కాదు, పొద్దు వాలుతుంటే వెలుగు వస్తువు తర్వాత వస్తువుని వదిలి పోయినట్టు, చివరికి ఒక్క వయొలిన్ మిగిలింది, అదీ పాడుతున్నట్టు లేదు, ఏదో అడుగుతున్నట్టుంది, అడిగి ఆగుతోంది, మళ్ళీ అడుగుతోంది, ఇది తను కట్టుకున్న దాంట్లో లేదు, ఎక్కడా లేదు, ఈ పిల్లలో ఇంత నిదానం ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది, ఎత్తుకుని తిప్పాడు, బడికి తీసుకెళ్ళాడు, గోడకి చెవి ఆనించి రోజూ విన్నాడు, తనకి తెలియని మలుపు ఈ పిల్లలో లేదనుకున్నాడు, విన్నది ఆగిన చోటు వరకే, ఆ తర్వాతదంతా తన సొంత కవిత్వం, ఇన్నేళ్ళూ తను అమ్మాయి అనుకుంటున్నదాంట్లో సగమే అమ్మాయి, మిగతా సగం తను, అనిపించగానే బాధ కలగాలి కదా, కలగలేదు, ఎందుకో గుండె తేలికగా ఉంది, వయొలిన్ ఆగింది, అయిపోలేదు, అమ్మాయి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, ఇంకేదో రాబోతోంది, అది ఏమిటో ఆయనకి తెలియదు, ఊహించడం కూడా మానేశాడు, తెలియకుండా కూర్చుని ఎదురుచూడటం ఇంత బావుంటుందని ఈ వయసుదాకా తెలియనే లేదు.